ఆ సర్టిఫికెట్ నేను తేను

విజయనగరంలో మా హోమియో వైద్యుల సంఘం సమావేశాలు ఒక ఫంక్షన్ హాలు మేడమీద జరుగుతాయి. కింద పెళ్ళి ఉందంటే పైన మా మాటలు మాకే వినబడవు. ఆ ఆదివారం కింద పెళ్ళి లేదు. అందుకే నా క్లాస్‌మేట్ చదివిన ప్రతి మాటా అందరికీ శుభ్రంగా వినబడింది.

మా వైద్యుల రిజిస్ట్రేషన్లూ, నిబంధనలూ చూసే రాష్ట్ర బోర్డుకి ఎన్నికలు రాబోతున్నాయి. మా ఉత్తరాంధ్ర నుంచి అక్కడ మాట్లాడేవాళ్ళు లేరని ఏళ్ళ తరబడి గొణుక్కుంటున్నాం. ఈసారి శ్రీకాకుళం వాళ్ళూ మేమూ కలిసి ఒక్కరినే నిలబెడదామనుకున్నాం. సంఘం అధ్యక్షుడు మా అందరికంటే పెద్దాయన. ఆయన నా పేరు చెప్పారు. చప్పట్లు కొట్టారు. నేనింకా లేచి నమస్కారం పెట్టకముందే నా క్లాస్‌మేట్ చెయ్యెత్తాడు.

కాలేజీలో నాతో కలిసి చదివినవాడు. నా క్యారేజీలో చేపల పులుసు ఉందంటే ముందుగా వచ్చి కూర్చునేవాడు. నన్ను ఎప్పుడూ పేరు పెట్టి పిలిచేవాడు. ఆ రోజు "మేడమ్" అన్నాడు.

"మేడమ్ మీద గౌరవంతోనే చెప్తున్నాను. రేపు నామినేషన్ కొట్టేస్తే మనందరికీ చెడ్డపేరు. చట్టంలో ఏముందో ఒకసారి చూసుకుందాం."

ఫోన్ తీసి ఇంగ్లీషులో చదివాడు. అది చాలదన్నట్టు తెలుగులో కూడా చెప్పాడు. మతి సరిగా లేనివాళ్ళు, చెవిటి మూగవాళ్ళు, కుష్ఠుతో బాధపడేవాళ్ళు బోర్డులో సభ్యులుగా ఉండటానికి పనికిరారట.

సంగతి తెలియని కుర్ర డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తెలిసినవాళ్ళు నా ఎడమచేతి వంక చూశారు. ఆ చేతి చిటికెనవేలూ ఉంగరం వేలూ లోపలికి వంగి ఉంటాయి. ఎంత చాపినా పూర్తిగా తెరుచుకోవు. నేను ఆ చేతిని ఎప్పుడూ దాచలేదు. ఆ క్షణంలో మాత్రం అది పమిట కిందికి పోయింది. నాకు తెలియకుండానే పోయింది. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది భోగాపురం వైపు సముద్రం ఒడ్డున ఒక పల్లె. నాన్న వేటకెళ్ళేవాడు, అమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళలో చేపలమ్మేది. నాకు పదకొండో పన్నెండో ఏట ముంజేతి మీద రాగి రంగు మచ్చ ఒకటి వచ్చింది. దాని గురించి ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు పొయ్యి మీంచి గంజి దించుతుంటే గిన్నె అంచు చేతికి తగిలి చర్మం ఊడొచ్చింది. నేను మాత్రం చేపముక్క కోసం మా అన్నతో దెబ్బలాడుతూనే ఉన్నాను. అమ్మ ఆ పుండు చూసింది, నా ముఖం చూసింది. మర్నాడు నన్ను బస్సెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

డాక్టరు దూదితో తడిమి, సూదితో గుచ్చి, కుష్ఠు అని చెప్పారు. మా వైపు పెద్దరోగం అంటారు. మందులున్నాయనీ, మానకుండా మింగితే తగ్గిపోతుందనీ కూడా చెప్పారు. నేను ఏడుపు మొదలుపెట్టాను.

"బాబూ, తగ్గుతాదా?" అని అమ్మ మళ్ళీ అడిగింది.

"తగ్గుతుందమ్మా."

"మరేటే, ఏడుపెందుకు? లే. బస్సెల్లిపోతాది," అని నన్ను రెక్క పట్టుకుని లేపింది.

తర్వాత నెలనెలా ఒకాయన సైకిలు మీద మా పల్లెకి వచ్చి, మాత్రలు తన ఎదురుగా మింగించి వెళ్ళేవాడు. మంచి మనిషి. జనం చూస్తే మాకు ఇబ్బందని సైకిలు వీధి మొదట్లో ఆపేసి నడిచొస్తానన్నాడు. అమ్మ ఒప్పుకోలేదు.

"ఎందుకు బాబూ, దొంగతనం సేత్తన్నావేటి? సైకిలు మా గుమ్మం కాడే ఎట్టు."

గుమ్మం దగ్గరే పెట్టాడు. ఊరంతటికీ తెలిసింది. బళ్ళో మాస్టారు నన్ను అందరికీ దూరంగా తలుపు పక్కన కూర్చోమన్నారు. ఇంటికొచ్చి చెప్పాను. మర్నాడు అమ్మ చేపల తట్టతో సహా బడికొచ్చి, తలుపు పక్కన నా దగ్గర కూర్చుంది.

"నా కూతుర్ని ఎక్కడ కూకోబెడితే నానూ అక్కడే కూకుంటాను. మీరు పాటం సెప్పుకోండి మాస్టారూ," అంది.

ఎండ ఎక్కేకొద్దీ తట్ట వాసన ఎక్కింది, ఈగలు వచ్చాయి. ఒంటిపూట బడి కూడా కాదు. మధ్యాహ్నం గంట కొట్టకముందే మాస్టారు నన్ను ముందు వరుసలో నా పాత చోటికి పొమ్మన్నారు. అమ్మ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇలా చెబితే అంతా నవ్వులాటగా ఉంటుంది. అమ్మ దగ్గర చేపలు కొనడం మానేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. కానీ ఆవిడ ఆ వీధులు మానలేదు. కొననివాళ్ళ గుమ్మాల ముందు నిలబడి మరింత గట్టిగా కేకేసేది. తట్ట నిండా తిరిగొచ్చిన రోజున ఆ చేపలు కోసి ఎండబెట్టేది. నాకు రోగం తగ్గిపోయింది. మచ్చ కలిసిపోయింది. అప్పటికే నరం దెబ్బతినడంతో ఆ రెండు వేళ్ళూ మాత్రం అలా ఉండిపోయాయి.

చదువుకున్నాను, డాక్టర్నయ్యాను, నెల్లిమర్లలో జూట్ మిల్లుకి దగ్గర్లో క్లినిక్ పెట్టుకున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎక్కువగా మిల్లు కార్మికులూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ. చెయ్యేమైందని ఎవరైనా అడిగితే ఉన్నది చెప్తాను. మచ్చతో వచ్చినవాళ్ళకి మాత్రం నా మందు ఇవ్వను. నన్ను బాగుచేసినవి ప్రభుత్వాసుపత్రి మాత్రలు. వాళ్ళనీ అక్కడికే పంపిస్తాను, వెళ్ళారో లేదో కనుక్కుంటాను.

మళ్ళీ ఆ హాల్లోకి వస్తాను. గొడవ పెరగకుండా అధ్యక్షుడు ఒక దారి చూపించారు.

"చట్టంలో ఉన్నది రోగంతో బాధపడేవాళ్ళ గురించి. మీకు ఎప్పుడో తగ్గిపోయింది కదమ్మా. తగ్గిందని ఆసుపత్రి నుంచి ఒక సర్టిఫికెట్ తెచ్చేయండి. వచ్చే సమావేశంలో మీ పేరే ఖాయం చేస్తాం."

సరేనన్నాను. అప్పుడు నాకు అది మంచి ఉపాయంగానే తోచింది. ఆసుపత్రికి ఫోన్ కూడా చేశాను, వచ్చి తీసుకెళ్ళండన్నారు. షేరింగ్ ఆటోలో ఇంటికొచ్చాను. అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది, చెవి తగ్గింది, నోరు తగ్గలేదు. వీధి అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏటే, ముకం అలగున్నాది? నిన్ను ఎన్నుకున్నారా, నేదా?"

జరిగింది గట్టిగా అరిచి చెప్పాను. ఎదురింటివాళ్ళకి కూడా వినబడి ఉంటుంది.

"తగ్గినట్టు కాయితం ఇస్తే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటారమ్మా."

"తగ్గకపోతే?"

"అదేంటమ్మా, నాకు తగ్గింది కదా!"

"నీ సంగతి కాదే. ఇప్పుడు మాత్రలు మింగతన్నోళ్ళు ఉన్నారు కదా. ఆళ్ళు మనుసులు కారేటి? నువ్వు మాత్రలు మింగతా బడికెల్లలేదా? పస్టు మార్కులు తేలేదా? ఆ కాయితం ఇచ్చీసి నువ్వు లోపలికెల్లిపోతే, ఆళ్ళ మొకాన తలుపేసినట్టే కదే."

నేను లోపలికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాను. వంట చేస్తున్నంతసేపూ బుర్రలో ఆ మాటే తిరిగింది. నాకు ఎక్కువ కోపం వచ్చింది నా మీదే. అమ్మ నాలుగు మాటల్లో చెప్పిన సంగతి, ఇంతకాలం ఆ రోగుల్ని ఆసుపత్రికి పంపిస్తూ వచ్చిన నాకు తట్టకపోవడం ఏమిటి? బోర్డులో కుర్చీ మీద ఆశ అలా కళ్ళకి అడ్డం పడింది. ఆసుపత్రికి మళ్ళీ ఫోన్ చేసి సర్టిఫికెట్ అక్కర్లేదన్నాను.

తర్వాతి సమావేశానికి జనం ఎక్కువే వచ్చారు. నా పేరు పిలిచి అధ్యక్షుడు చెయ్యి చాపారు.

"ఏదమ్మా, తెచ్చారా?"

"తేలేదు సార్. తేను."

"ఇవ్వమన్నారా ఏంటి?"

"అడిగితే ఒక్కపూటలో ఇస్తారు. ఈ హాల్లో మీరంతా మీకు కుష్ఠు లేదని సర్టిఫికెట్లు తెచ్చారా? అందరూ తెండి, నేనూ తెస్తాను."

వెనక ఎవరో నవ్వారు. "మాకెందుకు మేడమ్?" అన్నాడు ఒక కుర్రాడు.

"మీకెందుకు అక్కర్లేదో నాకూ అందుకే అక్కర్లేదు. మందు మొదలుపెట్టాక ఈ రోగం ఒకరి నుంచి ఒకరికి అంటదని మనమే చదువుకున్నాం, పరీక్షల్లో రాసి మార్కులు వేయించుకున్నాం. నా క్లినిక్ నుంచి మచ్చతో ఆసుపత్రికి వెళ్ళిన అమ్మాయి రేపు డాక్టరై, మాత్రలు మింగుతూనే ఈ బోర్డుకి నిలబడితే తప్పేంటి? నేను తగ్గిందని కాగితం చూపించుకుని వెళ్తే, ఆ చట్టంలో రాసింది న్యాయమేనని నేనే సంతకం పెట్టినట్టు. పెట్టను."

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. పెద్దాయనకి నా మీద నిజంగానే అభిమానం.

"ఎందుకమ్మా ఈ పట్టుదల? పోనీ, ఆరోగ్య కారణాల వల్ల మీరే తప్పుకున్నారని రాసేద్దాం."

"ఏ ఆరోగ్యం సార్? నాకు బీపీ కూడా లేదు. సంఘం నన్ను వద్దందని రాయండి."

అది రాయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఏమీ రాయకుండానే నా బదులు నా క్లాస్‌మేట్‌ని నిలబెట్టారు. అతను గెలవలేదు. ఆ వార్త విన్నప్పుడు సంతోషం కలగలేదని చెబితే అబద్ధం.

నేను ఊరుకోలేదు. శాసనసభలో మాట్లాడగలిగే నాయకుడొకరు మాకు దగ్గర్లోనే ఉంటే, ఆ చట్టం కాపీ తీసుకుని ఒక ఉదయం ఆయన ఇంటికెళ్ళాను. వరండాలో చాలామంది కూర్చుని ఉన్నారు. ఎందుకొచ్చానో అక్కడున్న పీఏకి చెప్పాను. అతను లోపలికెళ్ళి పనివాడితో ఏదో అన్నాడు. టీ వచ్చింది. అందరికీ గాజు గ్లాసుల్లో వచ్చింది, నాకొక్కదానికీ కాగితం కప్పులో వచ్చింది.

ఆ కప్పు కింద పెట్టేశాను.

"గ్లాసులో తే బాబూ," అన్నాను.

అతను పీఏ వైపు చూశాడు. పీఏ గోడ వైపు చూశాడు. అంతలో నాయకుడు బయటికొచ్చి, ఏమిటని అడిగి, సంగతి అర్థమై పనివాడి మీద కేకలేశాడు.

"అతన్నెందుకండీ తిడతారు? చట్టంలో రాసినదే అతను చేశాడు," అని కాపీ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన నిలబడే చదివాడు. "ఇదింకా ఉందా?" అన్నాడు. ఆయనకి నిజంగానే తెలియదు. పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని, పైవాళ్ళకి చెప్తానన్నాడు. ఇంతలో గాజు గ్లాసులో టీ వచ్చింది. చక్కెర పాకంలా ఉంది. నేను టీలో చక్కెర వేసుకోను. అయినా అందరూ చూస్తుండగా చివరి గుటక దాకా తాగి, గ్లాసు నా చేత్తోనే ట్రేలో పెట్టాను.

ఆయన ఎవరికి చెప్పాడో, చెప్పాడో లేదో నాకు తెలియదు. ఇలాంటి మాటలు పాత చట్టాల్లో ఇంకా చాలాచోట్ల ఉన్నాయనీ, వాటిని తీసేయమని అడుగుతున్నవాళ్ళు దేశమంతా ఉన్నారనీ తర్వాత తెలిసింది. అందుకే నా వల్ల మారిందని నేనెక్కడా చెప్పుకోను. కొంతకాలానికి శాసనసభలో ఆ పాత చట్టాలను సవరించే బిల్లులు వచ్చాయి. వాటిలో వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం కూడా ఉంది. కుష్ఠు అన్న మాట తీసేశారు. చెవిటి మూగ అన్న మాటా తీసేశారు. టీవీలో వేరే గొడవేదో చూపిస్తూ, కింద పరుగెత్తే అక్షరాల్లో ఈ సంగతి వేశారు. నేనది చూడనేలేదు. క్లినిక్‌లో ఒక ముసలాయన దగ్గు వింటూ ఉంటే అధ్యక్షుడు ఫోన్ చేశారు.

"అమ్మా, శుభవార్త. ఇక మీకు అడ్డం లేదు. వచ్చే ఆదివారం మన సంఘం తరఫున మీకు సన్మానం."

ఇంట్లో అమ్మకి చెప్పాను.

"తీసీసినారా? మంచిదే," అంది. వెంటనే, "తప్పయిపోనాదని ఎవులైనా అన్నారేటి?" అని అడిగింది.

"ఎవరూ అనలేదమ్మా."

"మరడగవేటే?"

ఆదివారం శాలువా సిద్ధంగా ఉంది. బొకే కూడా తెచ్చారు. అధ్యక్షుడు శాలువా విప్పుతుంటే ఆగమన్నాను.

"ఇది కప్పించుకునే ముందు సంఘం ఒక తీర్మానం చేయాలి. ఆ రోజు నన్ను సర్టిఫికెట్ అడగడం తప్పని రాయాలి."

గుసగుసలు మొదలయ్యాయి. నా క్లాస్‌మేట్ లేచాడు. ఈసారి మేడమ్ అనలేదు, పేరు పెట్టే పిలిచాడు.

"నేను చట్టంలో ఉన్నదే కదా చదివాను? అది నా తప్పెలా అవుతుంది?"

"చదివినందుకు కాదురా. నా క్యారేజీలో చెయ్యిపెట్టి తిన్నప్పుడు నీకీ రోగం గుర్తురాలేదు. చదివే ముందు నాకొక ఫోన్ చేసి ఉండాల్సింది. ఇద్దరం కలిసి ఆ చట్టం మీదకి పోయేవాళ్ళం. నువ్వు నా మీదకొచ్చావు."

ఇంతలో అతని ఫోన్ మోగిందో, మోగిందనుకున్నాడో, మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తీర్మానానికి చేతులెత్తమన్నారు. చాలా చేతులే లేచాయి. లేవనివీ ఉన్నాయి, ఎవరివో చూసి పెట్టుకున్నాను. అధ్యక్షుడు తన చేత్తోనే రాసి, చదివి వినిపించి సంతకం పెట్టారు. శాలువా మాత్రం వద్దన్నాను. కుర్చీ మీదే వదిలేసి వచ్చాను.

మళ్ళీ ఎన్నికలు ఎప్పుడన్నది ఇంకా ప్రకటించలేదు. ఎవరు నిలబెట్టినా, నిలబెట్టకపోయినా నిలబడతానని చెప్పి, నేను తిరగడం మొదలుపెట్టాను. ఆదివారాలు ఎచ్చెర్ల, శ్రీకాకుళం, టెక్కలి బస్సుల్లోనే గడుస్తున్నాయి. వెళ్ళిన ప్రతి క్లినిక్‌లోనూ మొదట నా రోగం సంగతి చెప్పి, తర్వాత ఓటు అడుగుతాను. కొందరు కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. కొందరు వెనక్కి జరుగుతారు. వెనక్కి జరిగినవాళ్ళ దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు కూర్చుంటాను.

పాలకొండలో ఒక పెద్ద డాక్టరుగారు నేను చెప్పినదంతా విని లేచి వెళ్ళి, వీధి తలుపు గడియ వేసి వచ్చారు. కుర్చీలో కూర్చుని ఎడమకాలి మేజోడు విప్పారు. అరికాల్లో మానని పుండు. ఎందుకొచ్చే పుండో నాకు చెప్పక్కర్లేదు.

"మా ఆవిడకి తెలుసు. పిల్లలకి తెలీదు," అన్నారు. "మా కాలేజీ రోజుల్లోనే తగ్గిపోయింది. ఎవరితోనూ అనలేదు. మీకు ఓటేస్తానమ్మా. ఇంతకంటే నా వల్ల కాదు."

నేను కింద కూర్చుని ఆ పాదం చూశాను. స్పర్శ లేని కాలితో గట్టి బూట్లలో అంతకాలం నడిచారు. ఆసుపత్రిలో మెత్తటి రబ్బరు చెప్పులు ఊరికే ఇస్తారనీ, వేసుకుంటే పుండు మానుతుందనీ చెప్పాను. ఆయనకది తెలుసు. ఆ వరుసలో నిలబడితే ఎవరైనా గుర్తుపడతారని వెళ్ళలేదు.

ఆయన మీద కోపం రాలేదు. ఆ తలుపు గడియ మీద వచ్చింది.

"గురువారం నేను మళ్ళీ వస్తాను సార్. ఇద్దరం కలిసి వెళ్దాం. ఎవరైనా అడిగితే నాకు తోడొచ్చానని చెప్పండి."

గురువారం నేను వెళ్ళేసరికి ఆయన చొక్కా టక్ చేసుకుని, గొడుగు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద పక్కపక్కనే కూర్చున్నాం. వరుసలో ఆయన దగ్గర వైద్యం చేయించుకునే ఒక రైతు ఉన్నాడు.

"ఏటి డాట్రుబాబూ, ఇలాగొచ్చినారు?" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. ఆయన నా మోచేతి మీద చెయ్యి వేసి ఆపారు.

"కాలు చూపించుకోడానికొచ్చానోయ్," అన్నారు.

రైతు జరిగి చోటిచ్చాడు. లోపలి నుంచి పేరు పిలిస్తే ఆయన లేచి వెళ్ళారు. నేను ఆయన గొడుగు పట్టుకుని అక్కడే కూర్చున్నాను.